నిండడానికి ఎన్ని గంటలు?

గాషె అబెగాజ్ తెల్ల కరెంటు కారు నిండడానికి ఎన్ని గంటలు పడుతుందో ఆ ఆవరణలో అందరికీ తెలుసు, ఒక్క అబెగాజ్‌కి తప్ప. కారు అమ్మినవాడు ఎనిమిది అన్నాడు. ప్లగ్గు బిగించిన తెగెనె పది అన్నాడు, చలికాలం గనక ఇంకొకటి కలుపుకోమన్నాడు. కారుతో వచ్చిన పుస్తకంలో మొత్తం చైనా అక్షరాలే. వాటి మధ్య ఎనిమిది అంకె ఒకటి మాత్రం కనబడుతుంది. పక్కవాటాలో ఉండే ఎటెటె అస్కాలె ఆ అంకెనే పట్టుకుంది.

"అమ్మినవాడికి తెలియదా ఏమిటి? పుస్తకంలో కూడా రాసుంటే!" అంది ఆ సోమవారం, కాఫీ మూడో విడత చిన్న గిన్నెల్లోకి వంపుతూ.

అడిస్ అబాబాలో తూర్పు కొసన, కొతెబెలో ఉంది ఆ ఆవరణ. నాలుగు కాపురాలు, ఒక వంటగది, ఒక కరెంటు మీటరు. పెద్దాయనైతే గాషె, పెద్దావిడైతే ఎటెటె, అవి అక్కడి గౌరవపు పిలుపులు. వచ్చే ఆదివారం అస్కాలె కూతురు యెషి పెళ్లి. పెళ్లికొడుకుది దెబ్రె బిర్హాన్, నూట ముప్ఫై కిలోమీటర్లు.

"అబెగాజ్, నా పిల్ల బడికి పోయినన్నాళ్లూ నీ పాత కార్లోనే పోయింది. అత్తారింటికి వేరేవాడి కార్లో పంపమంటావా?"

"పంపించి చూడు, నేనూరుకుంటానేమో!" అన్నాడు అబెగాజ్.

"అది సరే. మా తమ్ముడు ఒక పెట్రోలు కారు మాట్లాడి ఉంచాడు. అక్కర్లేదంటే శనివారం మధ్యాహ్నంలోగా చెప్పాలట. ఆ తర్వాత మాట మార్చడం కుదరదట. నీ కారు పిల్లని దింపి, సాయంత్రానికి మా పెద్దవాళ్లని వెనక్కి తెస్తుందా?"

"నిండుగా ఉంటే తెస్తుంది."

"నిండడానికి ఎన్ని గంటలు?"

అబెగాజ్ గిన్నె కింద పెట్టి కూతురి వైపు చూశాడు. అస్కాలె కూడా అటే చూసింది.

ఫెవెన్ ఆ ఇంట్లో మొదటి డిగ్రీ. ఆ ఆవరణలో కూడా మొదటిదే. నల్ల గౌను వేసుకుని దిగిన ఫోటో మరియమ్మ పటం పక్కనే తగిలించి ఉంది. అది గోడెక్కిన నాటి నుంచి మందు సీసా మీది కాగితం దగ్గర్నుంచి, మొరాయించిన టీవీ దాకా అన్నీ ఆ పిల్ల దగ్గరికే వస్తాయి. పెట్రోలు కోసం వరసలో నిలబడి నాన్న నడుము పడిపోతోందని, ముప్ఫై ఏళ్ల పాత కారు అమ్మించి ఈ కారు కొనిపించింది కూడా ఆమే. కాబట్టి కారు దారిలో ఆగితే ఆగేది నాన్న పరువొక్కటే కాదు. పెళ్లికూతురు తెల్లగౌనుతో దారిలోని షెనో కొండ మీద గాలిలో నిలబడితే, వేలు ఎవరి వైపు చూపిస్తారో ఆమెకి బాగా తెలుసు.

"నేను చదివింది కొండలూ నదులూ నాన్నా. కరెంటు కాదు," అంది.

"దెబ్రె బిర్హాన్ కొండ మీదేగా. సరిపోయింది!"

"పెళ్లివారింట్లో కాసేపు ప్లగ్గు పెట్టుకోవచ్చేమో..."

అస్కాలె బుగ్గలు నొక్కుకుంది. "పిల్లనిచ్చి, కరెంటు అడుక్కోవాలా తల్లీ? వాళ్లేమనుకుంటారు!"

ఇంక చేసేదేముంది. "శనివారంలోగా లెక్క తేలుస్తాను, ఎటెటె," అని మాటిచ్చింది ఫెవెన్.

పొద్దుగూకి గంటయితే ఒంటిగంట ఆ ఊళ్లో. తెల్లవారి గంటయినా ఒంటిగంటే. గంటలు అక్కడ సూర్యుడితో మొదలవుతాయి, చీకటితో మళ్లీ మొదలవుతాయి. ఆ సోమవారం పొద్దుగూకి సరిగ్గా ఒంటిగంటకి అబెగాజ్ కారుని వంటగది గోడ పక్కన నిలబెట్టి ప్లగ్గు పెట్టాడు. ఫెవెన్ డిల్లా కాలేజీలో కొండల ఎత్తులు రాసుకున్న పాత నోటుబుక్కు పట్టుకుని లోపల కూర్చుంది. కారు తెర మీద బ్యాటరీ బొమ్మలో ముప్ఫై శాతం అని ఉంది. దాని కింద ఏవో నాలుగు అక్షరాలు, వాటి పక్కన 13:10.

"పదమూడు గంటలా పది నిమిషాలు," అన్నాడు అబెగాజ్, కిటికీలోంచి తల దూర్చి. "ఎనిమిది అని చెప్పినవాడిని ఏం చెయ్యాలి?"

"ఆగు నాన్నా. పొద్దున చూద్దాం."

తెల్లవారి పన్నెండుకి, అంటే సూర్యుడు వచ్చే వేళకి, అబెగాజ్ కిరాయిలకి బండి తీస్తాడు. మంగళవారం ఆ వేళకి తెర మీద ఎనభై ఎనిమిది ఉంది. ఫెవెన్ లెక్క వేసింది: పదకొండు గంటల్లో యాభై ఎనిమిది. గంటకి అయిదుకి కొంచెం పైన. ఈ లెక్కన మిగతా పన్నెండూ రెండు గంటల పైచిలుకు. మొత్తం పదమూడు. కారు నిజమే చెప్పింది.

లెక్క ఒక్కరోజులో తేలిపోయిందనుకుంది. నోటుబుక్కులో పదమూడు చుట్టూ గుండ్రంగా గీత కూడా గీసింది.

మంగళవారం అబెగాజ్ ఒక గంట ఆలస్యంగా వచ్చాడు. బ్యాటరీలో మళ్లీ అదే ముప్ఫై. ప్లగ్గు పెట్టాడు. తెర మీద 14:10 అని వచ్చింది.

తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అదే ముప్ఫై. అదే తీగ. గంట ఆలస్యంగా అన్నం పెడితే గంట ఎక్కువ తింటుందా ఇది?" అన్నాడు అబెగాజ్.

"అలా ఉండదు నాన్నా."

"ఉంది కదా మరి! కళ్లెదురుగా!"

బుధవారం పొద్దున ఇంకో వింత. పది గంటలు పెట్టిన కారులో ఎనభై మూడు దాకా ఉండాలి. అరవై రెండే ఉంది. ఆ కింద 18:10 అని ఉంది.

అబెగాజ్ చాలాసేపు ఆ అంకె వైపే చూశాడు. "సాయంత్రం పద్నాలుగు, పొద్దున పద్దెనిమిది. నిండేకొద్దీ పెరుగుతోంది, ఫెవెన్. ఇది ఇంకా ఎన్ని గంటలు పడుతుందో చెప్పడం లేదు. ఎంత విసుగ్గా ఉందో చెబుతోంది."

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయింది ఫెవెన్. రోజంతా నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మజ్జిగలో చెంచా తిప్పినట్టు పదమూడూ, పద్నాలుగూ, పద్దెనిమిదీ తలలో తిరిగాయి. కూడితే కలవవు, తీసేస్తే కలవవు. పెరట్లో అస్కాలె పెళ్లికి ఇంజెరా అట్లు పోయడానికి తెచ్చిన టెఫ్ ధాన్యపు పిండి జల్లిస్తూ, "ఎంతసేపు చదువుతావమ్మా, పరీక్షలైపోయాయి కదా!" అంది.

ఆ సాయంత్రం నాన్న రాగానే, ప్లగ్గు పెట్టకముందే, వెళ్లి కార్లో కూర్చుంది. తెరకి పైమూలన సన్నటి అంకెలు కనబడ్డాయి. ఇన్నాళ్లూ వాటిని ఎవరూ పట్టించుకోలేదు. 00:00 అని ఉంది. చూస్తుండగానే 00:01 అయింది. అప్పుడే ఇంట్లో రేడియో ఒంటిగంట వార్తలు మొదలుపెట్టింది.

"నాన్నా! కారుకి ఇప్పుడు అర్ధరాత్రి!"

"పొద్దుగూకి గంటేగా అయింది?"

"మనకి. దానికి అర్ధరాత్రి. అది చైనా గడియారం."

అబెగాజ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "నాలుగు నెలల్నుంచి ఇక్కడే తింటోంది, ఇక్కడే పడుకుంటోంది. ఇంకా చైనా గంటలేనా దీనికి?"

"ఎవరూ మార్చలేదు. చూడు, అది చెప్పేది ఎన్ని గంటలు పడుతుందని కాదు. ఏ గంటకి నిండుతుందని. మనం ఒంటిగంటకి పెట్టిన రోజు దాని గడియారంలో సున్నా. అందుకని పదమూడు గంటలు పట్టడమూ, పదమూడో గంటకి నిండడమూ ఒకటే అయ్యాయి. మర్నాడు గంట ఆలస్యంగా పెట్టాం, గంట ఆలస్యంగా నిండుతానంది. అంతే!"

"అయితే దాని పదమూడు మనకి ఎంత?"

"పొద్దున రెండు."

"పదమూడు అంటే విదేశీ లెక్కలో మధ్యాహ్నం కదా? వాళ్లకి మధ్యాహ్నమైతే మనకి పొద్దున ఎలా అవుతుంది? సూర్యుడు ఒక్కడేగా!"

"భూమి గుండ్రం కదా నాన్నా."

"అది తెలుసులే. గుండ్రంగా ఉంటే మాత్రం నా కారుకేం పని దాంతో?" అని గొణుక్కుంటూ ప్లగ్గు పెట్టాడు. తెర మీద 13:10 వచ్చింది. గురువారం పొద్దున చూస్తే ఎనభై ఎనిమిది. అచ్చు మొదటిరోజులాగే.

మంగళవారం రాత్రి మాత్రం ఎందుకలా తక్కువైందో తెలియలేదు. ఏ పూటో కరెంటు పోయి ఉంటుందిలే అనుకుంది. అనుకుని వదిలేసింది. డిల్లాలో గురువుగారు కొలతల్లో ఒక్కటి కలవకపోతే దాన్నే ముందు చూడమనేవారు. ఆ మాట అప్పుడు గుర్తు రాలేదు.

"పదమూడు గంటలు, ఎటెటె! శనివారం మిట్టమధ్యాహ్నం ఆరింటికి పెట్టేస్తే తెల్లవారేలోపే నిండిపోతుంది. మన కార్లోనే వెళుతుంది యెషి," అని చెప్పేసింది.

అస్కాలె ఆమె రెండు బుగ్గల మీదా మూడేసి ముద్దులు పెట్టింది. "చదువంటే ఇదీ! అయితే ఇక నా పని నేను చూసుకుంటా. ఇంకా ఇంజెరాలు బోలెడు పోయాలి," అంటూ వంటగదిలోకి వెళ్లింది.

శుక్రవారం పొద్దున కారులో యాభై తొమ్మిది ఉంది.

ఫెవెన్ తలుపు తెరిచి చూసింది, మూసి మళ్లీ తెరిచి చూసింది. యాభై తొమ్మిదే. సాయంత్రం 13:10 అని చెప్పిన తెర ఇప్పుడు 18:45 అంటోంది. గడియారం చైనాది అయితే అయింది, నిండే గంట రాత్రికి రాత్రి అయిదున్నర గంటలు ముందుకి ఎలా జరుగుతుంది? రాత్రి కరెంటు పోయిందా అని నాలుగు వాటాలూ అడిగింది. ఎవరింట్లోనూ పోలేదు. అస్కాలె అయితే, "పోతే నాకు తెలియదా, సగం రాత్రి మెలకువగానే ఉన్నాను," అంది.

అబెగాజ్ స్టీరింగు మీద చెయ్యి వేసి, "పాత కారు ముల్లు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదమ్మా," అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఆమె అస్కాలె దగ్గరికి వెళ్లి నిజం చెప్పింది. "ఎటెటె, నిన్న తొందరపడ్డాను. లెక్క మళ్లీ తప్పింది. కారు ఒకరోజు నిండుతోంది, ఒకరోజు నిండడం లేదు."

"నిన్న పదమూడన్నావుగా!"

"అన్నాను."

"ఇవాళ ఎంత?"

"తెలియదు."

అస్కాలె చేతికి అంటిన పిండి తుడుచుకుంది. యెషి గుమ్మంలో చేతులకి గోరింటాకు పెట్టించుకుంటోంది, ఆ పిల్ల కూడా తలెత్తి చూసింది. "రేపు మధ్యాహ్నం ఆరింటికి తమ్ముడు ఫోన్ చేస్తాడు. వాడికి ఔనో కాదో ఒకటి చెప్పాలి కదా తల్లీ," అంది అస్కాలె. కోపంగా అనలేదు. దిగులుగా అంది.

సాయంత్రం తెగెనె వచ్చాడు. ప్లగ్గు విప్పి చూశాడు, వాసన చూశాడు, తీగని తల్లి బిడ్డని నిమిరినట్టు నిమిరాడు.

"నా పనిలో లోపం లేదు. తీగ చల్లగా ఉంది, ప్లగ్గు గట్టిగా ఉంది. డిగ్రీపిల్లా, నీ లెక్కలోనే ఉంది తప్పు."

"అమ్మినవాడు ఎనిమిది అని ఎందుకన్నాడు మరి?"

"ఎనిమిది గంటల్లో నిండాలంటే గోడకి పెద్ద పెట్టె బిగించాలి. ఇది మామూలు ప్లగ్గు. ఈ మీటరు మీద పెద్ద పెట్టె బిగిస్తే వీధి మొత్తం ఆరిపోతుంది."

"ఆ మాట మాకు ముందే చెప్పొచ్చు కదా!"

"నన్నెవరు అడిగారు? అందరూ ఎనిమిదెనిమిదని పండగ చేసుకుంటుంటే మధ్యలో నేనెందుకు?" అని నవ్వాడు తెగెనె. "అయినా తిర్ నెల చలి ఇది. చలికి నా బామ్మ కూడా పొద్దున లేవదు. రాత్రి ఎక్కువ చలేస్తే బ్యాటరీ తక్కువ తాగుతుంది."

చలి అన్ని రాత్రులూ ఒకటే. ఆ సంగతి ఫెవెన్ చదివిన శాస్త్రంలోదే, ఆమెకి తెలుసు. కానీ వేరే కారణం దొరకక, నోటుబుక్కులో 'చలి' అని రాసి పక్కన ప్రశ్నగుర్తు పెట్టుకుంది. ఆ రాత్రికి ఇంకో రెండు ప్రశ్నగుర్తులు చేరాయి.

శనివారం పొద్దున చూస్తే నలభై మూడు. ముందురోజు ఇరవై రెండుతో వచ్చిన కారు పది గంటలు ప్లగ్గుకి ఉండి నాలుగు గంటల కరెంటే తాగింది. అబెగాజ్ తన పాత గిరాకీని విమానాశ్రయంలో దింపుతానని మాటిచ్చి ఉన్నాడు, పోక తప్పలేదు. మిట్టమధ్యాహ్నం అవుతుండగా వచ్చి ప్లగ్గు పెట్టాడు. తెర మీద ఇరవై ఒకటి.

"వాళ్ల తమ్ముడికి పెట్రోలు కారు ఉంచుకోమని చెప్పెయ్యి," అన్నాడు, కూతురి వైపు చూడకుండా. "నా వల్ల కాదని చెప్పు. నీ పేరు ఎత్తకు."

ఆయన తినడానికి లోపలికి వెళ్లాడు. ఫెవెన్ వెళ్లలేదు. వంటగది గోడకానుకుని ఉన్న చిన్న ముక్కాలి పీట లాక్కుని, కారు వెనకాల, ప్లగ్గుకి ఎదురుగా కూర్చుంది. ఏం చూడాలో ఆమెకే తెలియదు. రాత్రిళ్లు ఏదో జరుగుతోంది కాబట్టి, పగలు కూడా జరుగుతుందేమో చూద్దామనుకుంది. ప్లగ్గు గోడకి ఉంది. తీగ కారులో ఉంది. చిన్న ఆకుపచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. అంతకంటే ఏమీ లేదు.

అప్పుడు అస్కాలె వచ్చింది. ఒక చేతిలో పులిసిన పిండి బకెట్టు. చెవికీ భుజానికీ మధ్య ఫోను.

"ఉండరా, ఆరు ఇంకా కాలేదు కదా! ఆ పిల్లని అడిగి చెబుతా. ఈలోపు పెనం వేడెక్కనీ..." అంటూ, బకెట్టు కింద పెట్టి, ఫెవెన్ తల మీదుగా చెయ్యి చాచి కారు ప్లగ్గు ఊడదీసింది. తీగని జాగ్రత్తగా చుట్టి మేకుకి తగిలించింది. కిటికీలోంచి కరెంటు పెనం తీగ లాగి అదే రంధ్రాల్లో గుచ్చింది.

ఫెవెన్ మేకుకి వేలాడుతున్న తీగ వైపు చూసి, మళ్లీ గోడ వైపు చూసింది.

"కాళ్లు ఇలా జరుపమ్మా, పిండి పడుతుంది," అంది అస్కాలె.

"ఎటెటె, మీరిప్పుడేం చేశారు?"

"ఏం చేశాను? పెనం పెట్టాను."

"కారు ప్లగ్గు తీసేశారు!"

"తియ్యకపోతే ఎలా? ఆ తెగెనె ప్లగ్గు బిగించిన రోజే చెప్పాడు కదా, కారూ పెనమూ ఒకేసారి పెడితే మీటరు కాలిపోయి ఆవరణంతా చీకటవుతుందని. అందుకే ఎప్పుడూ ఒకటి తీసే ఒకటి పెడతాను. పని కాగానే మళ్లీ కారుది గట్టిగా నొక్కి మరీ పెడతాను. మీ నాన్న నిద్ర పాడవుతుందని ఎప్పుడైనా చప్పుడు చేశానా?"

"మంగళవారం రాత్రి కూడా..."

"మంగళవారం నాలుగు గంటలు. గురువారం ఇంకాస్త ఎక్కువ. నిన్న ఆరు గంటలు పోశాను, నడుం విరిగింది."

ఫెవెన్ నోటుబుక్కు తెరిచింది. నాలుగు. అయిదున్నర. ఆరు. మూడు రాత్రుల్లో తక్కువైన కరెంటు పక్కన ఆ అంకెలు పెట్టి చూస్తే అతికించినట్టు సరిపోయాయి. వంటగదిలోంచి రాత్రిపూట ఇంజెరా వాసన వారమంతా వస్తూనే ఉంది. ఆ వాసన ఆ ఇళ్లలో ఎప్పుడూ ఉండేదే కాబట్టి ఎవరికీ వాసనలా తోచలేదు.

"మీకు ఒక్కసారైనా అనిపించలేదా, కారుకి చాలదేమోనని?"

"ఎందుకు చాలదు? ఎనిమిది గంటలన్నారు. సాయంత్రం ఒంటిగంట నుంచి పొద్దున పన్నెండు దాకా ఎన్ని? పదకొండు. మూడు గంటలు ఊరికే పోతున్నాయి కదా! అవి నేను వాడుకున్నా, ఒకటో రెండో ఎక్కువేనేమో."

"పదమూడని చెప్పానుగా, గురువారం?"

"నువ్వు పదమూడన్నావు, అమ్మినవాడు ఎనిమిదన్నాడు, తెగెనె పది అన్నాడు. నేనేమో పెళ్లి పనుల్లో ఉన్నాను. అందరిలో తక్కువ చెప్పినవాడి మాట పట్టుకున్నా." చెప్పేటప్పుడు మొహంలో ధీమా ఉంది. చెప్పడం అయ్యాక అది మెల్లగా జారిపోయింది. "అంటే... కారు నిండనిది నా వల్లనేనా? నా పిల్ల కోసం అడిగిన కారు?"

ఫోనులోంచి తమ్ముడి గొంతు సన్నగా వినబడుతోంది. "అక్కా! ఆరయింది! ఔనా కాదా?"

"నోరు మూసుకోరా, ఇక్కడ లెక్క జరుగుతోంది!" అని అస్కాలె ఫోను ఫెవెన్‌కి ఇచ్చేసి, బకెట్టు పక్కనే కూలబడింది.

ఫెవెన్ అంత వేగంగా ఎప్పుడూ లెక్క వెయ్యలేదు. రేపు పొద్దున ఒంటిగంటకి బయలుదేరాలి. ఇప్పటినుంచి పంతొమ్మిది గంటలు. కారుకి ఇంకా డెబ్భై తొమ్మిది కావాలి, అంటే పదిహేను గంటలు. చివర్లో నెమ్మదిగా ఎక్కుతుందని నిన్న తెగెనె పోతూ చెప్పాడు, ఇంకొకటి కలిపితే పదహారు.

"ఎటెటె, ఇంకా ఎన్ని ఇంజెరాలు పోయాలి?"

"రెండొందలు."

"గంటకి ఎన్ని వస్తాయి?"

"చెయ్యి తిరిగినదాన్ని. ఇరవై."

"మూడు గంటలు మీవి. పదహారు గంటలు కారువి. మీకు అరవై వస్తాయి."

"మిగతా నూట నలభై?"

ఇద్దరూ ఆ పిండి బకెట్టు వైపు చూశారు. లోపల ఇంకా నాలుగు బకెట్లున్నాయి. రేపు పెళ్లి విందుకి ఆ ఇంజెరాలు ఉండాల్సిందే. అస్కాలె కొంగు బిగించి లేచి నిలబడింది.

"మా అమ్మ మట్టిపెనం అటక మీద ఉంది. పదిహేనేళ్లయింది దించి. కట్టెలు దొరికితే దాని మీద పోస్తా. పొగకి కళ్లు పోతే పోనీ."

ఫెవెన్ ఫోను చెవికి పెట్టుకుంది. "అన్నా, పెట్రోలు కారు వద్దని చెప్పండి," అంది. పెట్టేశాక నోటుబుక్కు వైపు చూసుకుంది. పదహారు అని తనే చెప్పింది. పదమూడు అని కూడా తనే చెప్పింది.

అబెగాజ్ తినడం ముగించి వచ్చేసరికి, పెరట్లో మూడు రాళ్ల మీద మట్టిపెనం ఎక్కి ఉంది. అస్కాలె నీలగిరి కట్టెలు ఊదుతోంది. కూతురు వంటగది గుమ్మంలో నిలబడి చేతి గడియారం చూస్తోంది.

"ఇదేమిటి?" అన్నాడు.

"కారు నింపుతున్నాం," అంది అస్కాలె, దగ్గుతూ.

ఆయన పొయ్యినీ చూశాడు, కారునీ చూశాడు. కారుకి ప్లగ్గు లేదు. పొయ్యిలోంచి పొగ వస్తోంది. "నాకేమీ అర్థం కాలేదు," అన్నాడు మర్యాదగా. కూతురు మొత్తం చెప్పింది. విని, రెండుసార్లు చెప్పించుకుని, "అయితే కారు ముల్లు అబద్ధం చెప్పలేదన్నమాట," అన్నాడు. అని, కట్టెలు తేవడానికి వెళ్లాడు.

లెక్క ప్రకారం జరిగిందా అంటే పూర్తిగా జరగలేదు. కరెంటు పెనం రెండు గంటలు నడిచాక వీధి మొత్తం కరెంటు పోయింది. ఒక గంట రాలేదు. ఫెవెన్ నోటుబుక్కులో ఒక అంకె కొట్టేసి, ఆ గంట ఎవరి వాటాలోంచి తియ్యాలో అడగలేక నిలబడింది. అస్కాలె మసి చేత్తో మొహం తుడుచుకుని, "నా మూడో గంట కారుకిచ్చెయ్యి. ఇంకో ఇరవై కట్టెల మీద పోస్తాలే," అంది. కరెంటు వచ్చాక అక్కడున్న ఆడవాళ్లందరికీ వినబడేలా, "ఆ ప్లగ్గు మీద ఎవరైనా చెయ్యి వేస్తే చెయ్యి విరుస్తా!" అని అరిచింది. వారమంతా దాని మీద చెయ్యి వేసింది తనే.

ఆదివారం పొద్దున తెర మీద తొంభై ఏడు ఉంది. కింద 12:35 అని ఉంది. అది చైనా గంటా, మన గంటా, ఇంకెవరి గంటా అని అబెగాజ్ అడగబోయి మానుకున్నాడు. యెషి తెల్లగౌను కుచ్చిళ్లు ఎత్తి కార్లో కూర్చుంది. కారు మీద పూలు, ముందు అద్దానికి రిబ్బను. ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ ఇలిలి అని సంబరంగా కూతలు వేస్తుండగా గేటు దాటింది. ఫెవెన్ ముందు సీట్లో నోటుబుక్కుతో కూర్చుంది. పోయేటప్పుడు నాలుగు వందల మీటర్లు ఎక్కాలి, వచ్చేటప్పుడు దిగాలి. అదొక్కటే ఆమె నిజంగా చదువుకున్న సంగతి. షెనో దగ్గర ఎక్కుడులో శాతం గబగబా పడిపోతుంటే అబెగాజ్ వేగం తగ్గించాడు. వెనక కూర్చున్న పెళ్లికూతురు, "గాషె, పాట పెట్టవా?" అంది. "పాటకి కూడా కరెంటేనమ్మా. నువ్వే పాడుకో," అన్నాడు. ఆమె పాడింది, పక్కన సర్దుకున్న ఇద్దరు పెద్దవాళ్లూ గొంతు కలిపారు.

సాయంత్రం పెద్దవాళ్లని ఎక్కించుకుని కొతెబె గేటు లోపలికి వచ్చేసరికి తెర మీద పదకొండు మిగిలింది. అబెగాజ్ కారు ఆపి, స్టీరింగు మీద నుదురు ఆనించాడు. దిగాక కూతురి భుజం తట్టాడు.

అస్కాలె కళ్లు పొగకి ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. కన్నీళ్లేవో పొగవేవో తెలియడం లేదు. దింపి వచ్చిన కబుర్లన్నీ అడిగి, పిల్ల ఏడ్చిందా అని రెండుసార్లు అడిగి, అబెగాజ్ ప్లగ్గు చేతిలోకి తీసుకుంటుంటే చూసి, ఫెవెన్ వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు తల్లీ. పదకొండు నుంచి నిండడానికి ఎన్ని గంటలు?"

ఫెవెన్ నోటుబుక్కు తియ్యలేదు.

"ముందు మీరు చెప్పండి ఎటెటె. మిగిలిన పిండి ఎంతుంది?"

అస్కాలె వంటగదిలోకి తొంగి చూసింది. "ఒక బకెట్టు," అంది.